పాత కప్పింగ్ పెట్టె చేతికి దొరికితే ఏం చేయాలి?

ఇత్తడి వస్తువు కనిపిస్తే చాలు, మన చేయి చింతపండు మీదికి పోతుంది. నేనూ అదే చేశాను. కొన్నేళ్ల కింద లండన్‌లో ఒక శనివారం సంతలో అరచేతిలో పట్టేంత ఇత్తడి డబ్బా కొన్నాను. ఎనిమిది పలకలు, పైన ఒక మీట, పక్కన బటన్, అడుగున పన్నెండు సన్నటి చీలికలు. ఇంటికి తెచ్చి, నానబెట్టిన చింతపండు పట్టించి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే డబ్బా మెరుస్తోంది కానీ అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు. తయారీదారు పేరు చెక్కిన చోట సగం అక్షరాలు ఆనవాలు లేవు. గడియారాలు బాగుచేసే మిత్రుడొకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేమన్నా పులుసు పెట్టావా?" అన్నాడు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే ముందు జింకు కరిగిపోతుంది, పైన రాగి మిగులుతుంది. ఆ గులాబీ రంగు అదే. మళ్లీ మామూలు కాదు.

ఆ డబ్బా పేరు స్కారిఫికేటర్. కప్పింగ్ అంటే చర్మం మీద కప్పు బోర్లించి, లోపలి గాలి తగ్గించి, చర్మం కప్పులోకి పొంగేలా చేసే పాత వైద్యం. అందులో రక్తం తీయడానికి చర్మం మీద గాట్లు పెట్టేది ఈ డబ్బాతోనే. ఇలాంటివి తాతల నాటి డాక్టరు సంచిలో దొరకొచ్చు. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో పాత ఇనుము మధ్య కనిపించొచ్చు, ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉండే మనవాళ్లకు పాత సామాన్ల అమ్మకంలో తగలొచ్చు. దొరికినప్పుడు మీరు నాలా చేయకుండా, వరసగా ఏం చేయాలో చెబుతాను.

1. ముందు బ్లేడ్ల సంగతి చూడండి

ముట్టుకునే ముందు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. నూలు గ్లౌజులు వద్దు, గాజు కప్పులు వాటిలోంచి జారిపోతాయి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి, పదేళ్లు దాటితే వేయించుకోవడం మంచిది. నూట యాభై ఏళ్ల తుప్పు బ్లేడుతో తెగిన వేలిని డాక్టరుకు చూపిస్తూ అది ఎలా తెగిందో వివరించడం అంత తేలిక కాదు.

స్కారిఫికేటర్‌లో తిరకాసు ఏమిటంటే, స్ప్రింగు బిగించి ఉన్నా, వదిలేసి ఉన్నా, బ్లేడ్లు డబ్బా లోపలే ఉంటాయి. చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. బటన్ నొక్కగానే బ్లేడ్లన్నీ అర్ధచక్రంగా చీలికల్లోంచి బయటికి వచ్చి, కోసి, అవతలి వైపు లోపలికి వెళ్లిపోతాయి. అంతా కనురెప్ప పాటులో అయిపోతుంది. అందుకే ఆ రోజుల్లో రోగులకు లాన్సెట్ అనే చిన్న కత్తితో ఒక్కొక్క గాటు పెట్టించుకోవడం కన్నా ఇదే నయం అనిపించింది.

డబ్బా పైన గాటు లోతును సరిచేసే మర ఒకటి ఉంటుంది. అది తిరిగితే, బ్లేడ్లు వీలైనంతగా డబ్బా లోపలికి పోయేలా తిప్పండి. తిరగకపోతే బలవంతం చేయొద్దు. చీలికలు కిందికి ఉండేలా మందపాటి థర్మోకోల్ ముక్క మీద డబ్బాను ఆనించి, వేళ్లు పక్కనే ఉంచి, బటన్ నొక్కండి. టక్కున మీట ఎగిరితే అది ఇన్నాళ్లూ బిగించే ఉందన్నమాట. ఏమీ కాకపోతే స్ప్రింగు వదిలే ఉంది, లేదా పట్టేసింది. పట్టేసిందనుకుంటే అక్కడితో ఆపేసి, గడియారాల మెకానిక్‌కి చూపించండి. ఆ పని ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

ఉత్తినే బిగించి వదలడం, వచ్చిన ప్రతి చుట్టానికీ చేసి చూపించడం మానుకోండి. పాత స్ప్రింగు ఒకసారి విరిగితే అలాంటిది మళ్లీ దొరకదు. నేను మాత్రం ఒకసారి, చేయకూడదని తెలిసీ, వంటింట్లో ఉన్న ఆనపకాయ మీద పెట్టి నొక్కాను. లేత తొక్క మీద రెండు బారులుగా పన్నెండు గాట్లు, గీత గీసినట్టు తిన్నగా పడ్డాయి. రెండు క్షణాలకు ఒక్కో గాటులోంచీ నీటి బొట్టు పైకి వచ్చింది. ఆ సాయంత్రం ఆ కాయ కూర ఎవరూ తినలేదు. ఆనపకాయే ఎందుకంటే, దానికో కథ ఉంది. అది కింద చెబుతాను.

2. పెట్టెలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టండి

19వ శతాబ్దపు పూర్తి సెట్టయితే సాధారణంగా మహాగని చెక్క పెట్టె, లోపల మఖమల్ గుడ్డ పరిచిన గుంతలు, వాటిలో రకరకాల సైజుల గాజు కప్పులు, ఒకటో రెండో స్కారిఫికేటర్లు, స్పిరిట్ సీసా, వత్తి పెట్టుకునే సన్నటి ఇత్తడి గొట్టం ఉంటాయి. కొన్ని సెట్లలో ఆ గొట్టానికి బదులు ఇత్తడి సిరంజి ఉంటుంది. అప్పుడు గాజు కప్పు నెత్తిన చిన్న కుళాయి లాంటిది కనిపిస్తుంది. కప్పు ఆనించి, సిరంజితో గాలి లాగి, కుళాయి కట్టేసేవారు.

వత్తి పద్ధతి ఇంకా పాతది. వెలుగుతున్న వత్తిని ఒక్క క్షణం కప్పులో తిప్పి తీసి, కప్పును వెంటనే చర్మం మీద బోర్లిస్తారు. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి ఉంటుంది. మిగిలింది చల్లబడేసరికి లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి ఒత్తిడికి చర్మం కప్పులోకి పొంగుతుంది. నిప్పు రక్తాన్ని లాగుతుందని చాలాకాలం నమ్మారు. లాగేది నిప్పు కాదు, నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి. గాట్లు లేకుండా ఇంతటితో ఆపితే పొడి కప్పింగ్. కప్పు తీసి, పొంగిన చోట స్కారిఫికేటర్ నొక్కి, మళ్లీ కప్పు పెట్టి రక్తం తీస్తే తడి కప్పింగ్.

గుంతలను బాగా చూడండి. ఏ గుంతలో ఏ వస్తువు సరిగ్గా కూర్చుంటుందో పరీక్షించండి. వదులుగా ఊగితే అది వేరే సెట్టు నుంచి తెచ్చి పెట్టిందై ఉండొచ్చు. ఖాళీ గుంత ఉంటే దాని ఆకారం, కొలత రాసుకోండి. ఏది పోయిందో ఆ గుంతే చెబుతుంది.

ఇప్పుడు ఆనపకాయ కథ. సుశ్రుత సంహితలో రక్తం తీయడానికి మూడు సాధనాలు చెప్పారు. వాతదోషానికి శృంగం, అంటే కొమ్ము. పిత్తానికి జలగ. కఫానికి అలాబువు, అంటే ఎండిన ఆనపకాయ బుర్ర. బుర్ర లోపల చిన్న దీపం పెట్టి బోర్లించేవారు. గ్రీకు భాషలో కప్పింగ్ పాత్రకు వాడిన 'సికువా' అన్న మాట కూడా ఆ జాతి కాయల పేరే. లాటిన్‌లో 'కుకుర్బిటులా' అంటే చిన్న గుమ్మడి. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ రెండు రకాల పాత్రలు వర్ణించాడు. కంచుదైతే లోపల వత్తి కాల్చి పెట్టాలి. కొమ్ముదైతే కొస కన్నం దగ్గర నోరు పెట్టి పీల్చి, మైనంతో మూసేయాలి. మీ పెట్టెలోని గాజు కప్పును బోర్లించి ఒక్కసారి చూడండి, బొద్దు పొట్ట, ఇరుకు మూతి. గాజులోకి దిగినా ఆ కాయ పోలిక ఇంకా పోలేదు.

ఇంకో మాట కూడా మన నాలుక మీదే ఉంది. తెలంగాణలో మంగలిని హజాం అనడం విన్నారు కదా. అరబీలో హజ్జామ్ అంటే కప్పింగ్ చేసేవాడు. హైదరాబాద్‌లో యునానీ వైద్యులు చేసే కప్పింగ్ పేరు హిజామా, మంగలి షాపు పేరు హజామత్ దుకాణం, రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. గడ్డం గీసే కత్తి చేతిలో ఉన్నవాడే రక్తం కూడా తీసేవాడు. యూరప్‌లోనూ అంతే. కాకపోతే 19వ శతాబ్దపు లండన్‌లో ఇది విడిగా ఒక ఉద్యోగమైంది. గైస్ ఆసుపత్రిలో కప్పింగ్ పనే చేసిన మాన్సన్ హిల్స్ 1832లో దాని మీద ఒక పుస్తకం కూడా రాశాడు.

3. వయసు లెక్కగట్టండి

అమ్మేవాళ్లు ఏదైనా 'రెండొందల ఏళ్లది' అంటారు. ఆ మాట పక్కనపెట్టి వస్తువునే అడగండి. నేను చూసే వరస ఇది.

మొదట పిడి, ఒర, చెక్క భాగాలు. 1867లో బ్రిటిష్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్లకుండా చూడొచ్చని ప్రకటించాడు. 1880లు దాటేసరికి పరికరాలను ఆవిరిలో ఉడకబెట్టడం మొదలైంది. ఏనుగు దంతం, నల్లచేవ మాను, తాబేటి చిప్ప ఆవిరిలో పాడైపోతాయి. అందుకని 1890లకల్లా మొత్తం లోహంతో చేసిన పరికరాలు వచ్చేశాయి. దంతపు పిడి ఉన్న శస్త్రం మీ చేతిలో ఉంటే, అది చాలామటుకు ఆ మార్పుకు ముందుది. స్కారిఫికేటర్ కథ కూడా ఇక్కడే ముగిసింది. డజను బ్లేడ్లు, పళ్ల చక్రాలు, స్ప్రింగు, వాటి సందుల్లో ఎండిన రక్తం. దాన్ని ఎవరు ఎలా శుభ్రం చేస్తారు? ఒక రోగి రక్తం ఇంకో రోగికి చేరవేయడానికి దీన్ని మించిన యంత్రం లేదు. అంతకు ముందే, 1835లో పారిస్‌లో పియర్ లూయీ అనే వైద్యుడు న్యుమోనియా రోగులను లెక్కపెట్టి చూసి, రక్తం తీయడం వల్ల అనుకున్నంత మేలు కనబడలేదని చూపించాడు. అయినా అలవాటు ఒక్కరోజులో పోలేదు.

తర్వాత లోహం. తెల్లగా మెరిసే నికెల్ పూత ఉంటే 1870ల తర్వాతిదే అనుకోవచ్చు. 'స్టెయిన్‌లెస్' అని రాసి ఉంటే 1913కు ముందుది కానే కాదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును చేసింది ఆ ఏడాదే. మరలను చూడండి. నెత్తిన ప్లస్ గుర్తు ఉన్న మర 1930లలో వచ్చింది. పాత ఇత్తడి డబ్బాకు అలాంటి మర ఉంటే ఎవరో తర్వాత మార్చారు, లేదా డబ్బా మొత్తమే కొత్తది.

రబ్బరు బుడ్డి ఉన్న గాజు కప్పులు ఇంకో రకం. రబ్బరును గంధకంతో గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు 1844లో వచ్చింది కాబట్టి అవి అంతకన్నా పాతవి కావు. చాలావరకు 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ ప్రచారం చేసిన చికిత్స కోసం చేసినవి. వాటిలో రక్తం తీసే ఉద్దేశం లేదు, ఆ చోటికి రక్తం చేరేలా చేయడమే పని.

డబ్బా ఆకారం కొంత చెబుతుంది, అంతా చెప్పదు. నలుచదరపు స్కారిఫికేటర్లు 18వ శతాబ్దం నుంచి ఉన్నాయి, జర్మన్ ప్రాంతాల్లో అవి చాలాకాలం నడిచాయి. 19వ శతాబ్దపు ఇంగ్లండ్, అమెరికా సెట్లలో ఎనిమిది పలకలవే ఎక్కువ. ఆకారం ఒక్కటే చూసి ధర పెట్టకండి.

ఇక తయారీదారు పేరు. భూతద్దం పెట్టి, లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. ఎదురుగా కనబడని అక్షరం ఏటవాలు వెలుగులో నీడతో లేచి వస్తుంది. జాన్ వైస్ లండన్ కంపెనీ 1787లో మొదలైంది. పారిస్‌లో షారియేర్ 1820లో మొదలుపెట్టాడు. 'ఎస్. మా, సన్ అండ్ థాంప్సన్' అని ఉంటే అది 1870కి, 1901కి మధ్యది, ఎందుకంటే ఆ కంపెనీ ఆ పేరుతో ఉన్నది ఆ కాలంలోనే. దేశం పేరు ఒక్కటే, ఉదాహరణకు 'జర్మనీ' అని, కొట్టి ఉంటే చాలావరకు 1891 తర్వాతిది. దిగుమతి సరుకు మీద ఏ దేశందో రాయాలని అమెరికా 1890లో చట్టం చేసింది.

4. పోలికలు చూసి మోసపోకండి

ఎక్కువగా పొరబడేది 'లెబెన్స్‌వెకర్' దగ్గర. నల్లటి చెక్క గొట్టం, కొసన ముప్ఫై దాకా సూదులు, లోపల స్ప్రింగు. కార్ల్ బౌన్‌షైట్ అనే జర్మన్ 1848లో చేశాడు. వాతనొప్పి ఉన్న చేతి మీద దోమ కుట్టి నొప్పి తగ్గిందని ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. దీనికి కప్పింగ్‌తో సంబంధం లేదు. సూదులు గుచ్చి పైన మంటపుట్టే నూనె రాసేవారు.

మడిచే ఇత్తడి ఒరలో రెండు మూడు వెడల్పు బ్లేడ్లు, ఒక్కోదానికీ పక్కకు పొడుచుకొచ్చిన త్రికోణపు మొన ఉంటే అది ఫ్లీమ్. ఎక్కువగా గుర్రాలకు, పశువులకు రక్తం తీయడానికి వాడేవారు. మొనను రక్తనాళం మీద పెట్టి చిన్న కర్రతో కొట్టేవారు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేవి మందపాటి అంచున్న చిన్న గుండ్రటి గాజు కప్పులు, డజన్ల లెక్కన. రష్యా, పోలండ్ ఇళ్లలో జలుబు చేస్తే వీపు మీద పెట్టుకునేవారు, వాటిని అక్కడ 'బాంకి' అంటారు. సోవియట్ కాలపువి లెక్కలేనన్ని ఉన్నాయి. ముచ్చటగానే ఉంటాయి, కొనుక్కోండి. కానీ విక్టోరియా రాణి కాలం నాటివని చెబితే డబ్బు ఇవ్వకండి. ఊది చేసిన పాత గాజుకు అడుగున గొట్టం విరిచిన మచ్చ, లోపల చిన్న గాలి బుడగలు ఉండొచ్చు. అచ్చు అతుకు గీత పైనుంచి కిందిదాకా తిన్నగా ఉంటే అది ఫ్యాక్టరీ సరుకు.

5. శుభ్రం చేయడం, అంటే వీలైనంత చేయకపోవడం

చింతపండు, నిమ్మకాయ, తోముడు పొడి, ముగ్గు, ఏదీ వద్దు. ఇత్తడి మీద ముదురు గోధుమ రంగు పొరే దాని వయసు. అది పోతే వస్తువు సగం పోయినట్టే. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము తీయండి. జిడ్డుంటే నూలు గుడ్డకు కాస్త స్పిరిట్ అద్ది తుడవండి, అదీ ఇత్తడి మీద మాత్రమే. పెట్టె చెక్క మీద పాలిష్ ఉంటుంది కాబట్టి స్పిరిట్ తగిలితే తెల్లబడిపోతుంది. ఆకుపచ్చ చిలుము పట్టిన చోట వెదురు పుల్లతో నెమ్మదిగా గీకండి. ఉక్కు బ్లేడు మీద తుప్పుంటే, సన్నటి మెషిన్ ఆయిల్ ఒక బొట్టు వేసి ఒక రోజు వదిలి, గుడ్డతో తుడవండి. మెరిసే దాకా రుద్దాలన్న కోరిక పుడుతుంది. ఆపుకోండి. పదును పెట్టించడం అసలే వద్దు.

గాజు కప్పులను గోరువెచ్చని డిస్టిల్డ్ నీళ్లతో, ఒక్కొక్కటిగా, ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి కడగండి. ఇత్తడి కుళాయి ఉన్న కప్పును మాత్రం నీళ్లలో ముంచొద్దు. గాజుకూ ఇత్తడికీ మధ్య ఉన్న పాత లప్పం వదిలేస్తుంది.

మఖమల్ ఊడి వస్తుంటే ఫెవికాల్ జోలికి పోకండి. అలాగే ఉంచి, కింద ఆమ్లం లేని టిష్యూ కాగితం పెట్టండి.

6. దాచే చోటు

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉక్కుకు శత్రువు గాలే. గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో, లోపల తేమ చూపే చిన్న మీటరుతో పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే సరిపోతుంది. చెక్క పెట్టె మరీ ఎండిపోయినా పగులుతుంది కాబట్టి సిలికా జెల్ అతిగా వేయకండి. ఇత్తడికి, ఉక్కుకు మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలిన్ మైనం పలచగా పట్టిస్తే చేతి చెమట అంటదు. ఏడాదికోసారి, వానాకాలం పోయాక, తీసి చూసుకోండి. స్ప్రింగును ఎప్పుడూ వదులు చేసే పెట్టండి.

దీంతో కప్పింగ్ చేసుకుందామని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ భుజం మీద గుండ్రటి మచ్చలు చూశాక నన్ను చాలామంది అడిగారు. పాత కప్పు అంచు చిట్లి ఉంటుంది, నిప్పు పెడితే పగలొచ్చు, చర్మం కాలొచ్చు. ఇప్పుడు హిజామా చేసే వైద్యులు కూడా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, కొత్త బ్లేడ్లే వాడాలి.

7. కొనడం, అమ్మడం, దేశం దాటించడం

మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటిదాన్ని సొంతంగా విదేశాలకు తీసుకెళ్లడం, పంపడం కుదరదు. తాతగారి పెట్టెను అమెరికాలో ఉన్న కొడుక్కి పార్సిల్ చేద్దామనుకుంటే ముందు పురావస్తు శాఖను అడగండి. అంత పాతది కాదని తేలితే వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు, అది దగ్గరుంటే విమానాశ్రయంలో టెన్షన్ ఉండదు.

దంతం, తాబేటి చిప్ప సంగతి వేరు. పాత లాన్సెట్ల పిడులు చాలావరకు తాబేటి చిప్పవే. వీటి వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన వన్యప్రాణి చట్టమూ ఉంది. బ్రిటన్‌లో దంతపు వస్తువుల అమ్మకాన్ని దాదాపు నిషేధించిన చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దంతపు పిడి ఉన్నది ఆన్‌లైన్‌లో చవకగా కనిపిస్తే, చవక ఎందుకో ఒకసారి ఆలోచించండి.

8. ఒక కాగితం రాసి పెట్టెలో పెట్టండి

పొడవు, వెడల్పు, బ్లేడ్ల లెక్క, చెక్కిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు. ఇంట్లోదైతే వాడినవారి పేరు, ఊరు, వాళ్లు ఎక్కడ చదువుకున్నారో పెద్దవాళ్లను అడిగి రాయండి, వాళ్లు చెప్పేటప్పుడు ఫోన్లో రికార్డు చేయండి. పెన్సిల్‌తోనే రాయండి, సిరా మఖమల్‌కు అంటుకుంటుంది. వస్తువు మీద స్టిక్కరు అంటించొద్దు, దారంతో చీటీ కట్టండి. ఎక్కువ సందేహాలుంటే హైదరాబాద్ గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ వాళ్లకు ఫొటోలు పంపి అడగొచ్చు. వైద్య చరిత్ర మీద పనిచేసే సంస్థ అది.

నా డబ్బా చీటీ మీద మిగతా వివరాల కింద ఒక వాక్యం ఉంది. "పేరులో చివరి నాలుగు అక్షరాలు చింతపండుకు పోయాయి, పని చేసింది నేనే." తర్వాత కొనేవాడికి ఆ మరక ఎందుకొచ్చిందో తెలియాలి కదా.